కొమాకో పది నోటు పుస్తకాలు

కవబాతా యసునారి నవల ‘యుకిగుని’ని, అంటే ‘మంచుదేశా’న్ని, కొన్నేళ్లుగా ఎం.ఏ. క్లాసులో చెబుతున్నాను. సైడెన్‌స్టికర్ 1956లో చేసిన ఇంగ్లీషు అనువాదమే మా పాఠ్యపుస్తకం. నాకు జపనీసు రాదు, మా పిల్లలకీ రాదు. చెప్పిన ప్రతి ఏడాదీ ఎవరో ఒక అమ్మాయి లేచి, ‘‘షిమమురా అసలు అక్కడికి ఎందుకెళ్తాడు మేడమ్?’’ అని అడుగుతుంది. కథ అర్థంకాక అడిగే ప్రశ్న కాదది. టోక్యోలో పెళ్లాం పిల్లలున్నవాడు. వారసత్వంగా వచ్చిన డబ్బు మీద బతికేవాడు. ఎన్నడూ కళ్లతో చూడని పాశ్చాత్య బాలే నృత్యం గురించి పుస్తకాలు చూసి వ్యాసాలు రాయడం తప్ప వేరే పనిలేనివాడు. అలాంటివాడు విశ్రాంతి కోసం రైలెక్కి కొండలు దాటి ఒక వేడినీటి సత్రానికి వెళ్తాడు. ఏ పని నుంచి విశ్రాంతి?

విమర్శకులు దీనికి చాలా జవాబులే చెప్పారు. సౌందర్యాన్వేషణ అన్నారు, నగర జీవితం మీద విసుగు అన్నారు, బౌద్ధ శూన్యత అన్నారు. ఇవన్నీ క్లాసులో నేనూ చెప్పాను, పరీక్షల్లో పిల్లలూ రాశారు. కానీ ఆ అమ్మాయిల ప్రశ్న అలాగే ఉండిపోయింది. దానికి జవాబు షిమమురా మనసులో వెతికితే దొరకదనీ, అతను దిగిన సత్రంలో వెతకాలనీ నాకిప్పుడు అనిపిస్తోంది. అతని విశ్రాంతి ఎక్కడ, ఎవరి చేతుల్లో తయారవుతోందో చూడాలి.

నవల పుట్టింది నిజమైన సత్రంలోనే. టోక్యో వైపు నుంచి కొండల కిందుగా షిమిజు సొరంగం 1931లో తెరిచాక నీగతా ప్రాంతపు యుజవా ఊరు రాజధానికి ఒక్కసారిగా దగ్గరైంది. 1934లో కవబాతా అక్కడి తకహాన్ అనే సత్రంలో దిగాడు, తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లాడు. 1935 నుంచి ముక్కలు ముక్కలుగా పత్రికల్లో వచ్చిన కథ 1937లో పుస్తకమైంది. అక్కడితో ఆగకుండా పెంచుతూ దిద్దుతూ పోయి, 1948లో చివరి రూపానికి తెచ్చాడు. 1968లో ఆయనకి నోబెల్ వచ్చింది. తకహాన్ భవనాన్ని తర్వాత కొత్తగా కట్టారు గాని, ఆయన రాసుకున్న గదిని మాత్రం అందులో భద్రంగా ఉంచారు. చాపలు, బల్ల, కిటికీ, బయట కొండలు. సాహిత్యాభిమానులు వెళ్లి చూసేది ఆ గదినే. ఆ గదికి నిప్పుల కుంపటి మోసినవాళ్లు, పక్కలు పరిచినవాళ్లు పడుకున్న గదులు ఏ సత్రంలోనూ ప్రదర్శనకి ఉండవు.

టోక్యోలో ఒక సదస్సుకి వెళ్లినప్పుడు నాకు మూడు రోజులు మిగిలాయి. అందరూ యుజవాకే వెళ్లమన్నారు. నేను కమి-సువాకి వెళ్లాను. నగానో కొండల్లో, సువా సరస్సు ఒడ్డున ఉన్న ఊరది. షింజుకు నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో రెండు గంటల పైచిలుకు. ఆ ఊరే ఎందుకంటే, ‘మంచుదేశం’ పత్రికల్లో వస్తున్న దాదాపు ఆ ఏళ్లలోనే పన్నెండేళ్ల పిల్లనొకదాన్ని అక్కడ గెయిషాల ఇంటికి అమ్మేశారు. ఆమె పేరు మసుదా సయో. పెద్దయ్యాక ఆమె తన కథ తనే రాసుకుంది. ఆ పుస్తకం నా సంచీలో ఉంది. దాని దగ్గరికి వస్తాను, ముందు సత్రం సంగతి.

వేడినీటి బుగ్గలు మనకి కొత్తవి కావు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్లు ఊరతాయి. మనం వాటికి పుణ్యాన్ని జోడించాం. జపాన్‌వాళ్లు స్నానంతో పాటు భోజనాన్నీ, పక్కనీ, వడ్డించే మనిషినీ జోడించి ‘ర్యోకాన్’ అనే వ్యవస్థ కట్టారు. సత్రమన్నాను గాని ధర్మసత్రం కాదు. గదికింత అని కాక, రెండు పూటల భోజనంతో కలిపి మనిషికింత అని లెక్క. గదికి ఇద్దరుంటారన్నది వాళ్ల అంచనా. ఒంటరి మనిషికి గది ఇవ్వడం నష్టం. ఒంటరి ఆడమనిషయితే నష్టంతో పాటు భయం కూడా ఉండేదట. గదిలో ఏ అఘాయిత్యమైనా చేసుకుంటుందేమోనని. ఆడవాళ్లు తమ కోసం తాము ప్రయాణాలు చేయడం 1970 దశకంలో గానీ ఊపందుకోలేదు. జపాన్ రైల్వే 1970లో మొదలుపెట్టిన ‘డిస్కవర్ జపాన్’ ప్రచారం, ‘అన్ అన్’, ‘నోన్ నో’ వంటి పత్రికలు చూసి సంచీ తగిలించుకుని బయల్దేరిన యువతులు దానికి కారణం. అంతకు ముందూ, ఆ తర్వాత కూడా చాలాకాలం, ఈ సత్రాలకి పెద్ద బేరం కంపెనీల మగ ఉద్యోగుల గుంపులు. విందు గది, సాకే, గెయిషాలు, పొద్దున్నే స్నానం.

నేను దిగింది ఊరి మధ్య ఒక చిన్న పాత సత్రంలో. గుమ్మంలో చెప్పులు విప్పిన దగ్గర నుంచి నా పనులన్నీ ఒక్కొక్కటిగా నా చేతుల్లోంచి జారిపోయాయి. చెప్పులు ఎవరో తీసి పెట్టారు. సంచీ ఎవరో మోశారు. టీ ఎవరో కలిపిచ్చారు. ఆ ‘ఎవరో’ అరవై ఏళ్లు దాటినట్టున్న ఒకావిడ. ఇలా గది చూసుకునే మనిషిని ‘నకాయి’ అంటారు. తలుపు తెరవడానికి మోకాళ్ల మీద కూర్చుంటుంది, తెరిచి లోపలికొచ్చి మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని తలుపు మూస్తుంది. రాత్రి భోజనం గదిలోకే వచ్చింది. చిన్న చిన్న గిన్నెలు, పదహారు లెక్కపెట్టాను. సరస్సులో పట్టే వకసగి అనే సన్న చేపల వేపుడు మన మెత్తళ్ల వేపుడుని గుర్తుచేసింది. తినడం అయ్యాక నేను అలవాటుగా గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చబోతే ఆవిడ నవ్వుతూ నా చెయ్యి పక్కకి పెట్టింది. గిన్నెలు అలా పేరిస్తే గీతలు పడతాయట. పైగా అది ఆవిడ పని. నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి గదిలో పక్క పరిచి ఉంది.

మన ఇళ్లలో ఎంగిలి కంచం ఎవరు తీస్తారన్నది చిన్న విషయం కాదు. కంచం ముందు నుంచి ఉత్త చేతులతో లేచిపోయే హక్కు ఎవరిదో మనందరికీ తెలుసు. మగపెళ్లివారి విడిదిలో దిగినట్టుంది నా పరిస్థితి. వేడినీళ్లు సిద్ధం, ఫలహారం సిద్ధం, అడిగేలోగా దుప్పటి సిద్ధం. పెళ్లిళ్లలో నేనెప్పుడూ విడిదికి కాఫీలు మోసిన పక్షమే. ఇప్పుడు మెత్తటి ఆసనం మీద కూర్చుని ఉంటే, షిమమురా ఎక్కడ కూర్చుని కొమాకోని చూస్తాడో ఆ చోటు నాకు శరీరానికి తెలిసింది. అక్కడ కూర్చున్నవాళ్లకి గదిలోకి వచ్చే మనిషి ఎప్పుడూ వచ్చే మనిషిగానే కనిపిస్తుంది. తలుపు జరిగి, వెలుతురు పడి, ఒక ఆకారం. తలుపు మూసుకున్నాక ఆ ఆకారం ఎక్కడికి వెళ్లిందో, వంటింటికీ గదికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో కూర్చున్నవాళ్లకి అక్కర్లేదు. కొమాకో నవలంతా అలాగే వస్తుంది. తెల్లవారుజామున, అర్ధరాత్రి, విందు మధ్యలోంచి, తాగి, పరిగెత్తుకుంటూ. తను రావడమే ఆమె ఉనికి. కవబాతా శైలి గురించి పేజీలకి పేజీలు రాసిన పండితులు ఈ రాకపోకల్ని ‘మెరుపులు’ అనీ ‘ఖాళీల సౌందర్యం’ అనీ అన్నారు. ఆ ఖాళీల్లో ఆమె ఉద్యోగం చేస్తోంది.

వెనకటి రోజుల్లో గెయిషా రుసుముని ఊదుబత్తులతో కొలిచేవారు. ఒక బత్తి కాలినంతసేపు ఒక లెక్క. షిమమురా గదిలో కాలం మంచులా నిలిచిపోతుంది. కొమాకో కాలం విందు గదిలో బత్తిలా కాలుతూ ఉంటుంది. నవల్లో మనకి చూపించేది మొదటి కాలాన్నే.

ఈ సత్రాల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి క్రిస్ మెక్‌మోరన్ అనే భౌగోళిక శాస్త్రజ్ఞుడు 2022లో ఒక పుస్తకం వేశాడు. కుమమోతో ప్రాంతంలోని కురొకావా సత్రాల్లో తనే పనివాడిగా చేరి, గిన్నెలు కడిగి, పక్కలు పరిచి రాసినది. నకాయిలలో చాలామంది చెడిపోయిన కాపురాల్లోంచి బయటపడిన ఆడవాళ్లని ఆయన గమనించాడు. ఉండటానికి చోటు, తిండి, జీతం ఒకేచోట దొరుకుతాయి. పాత జీవితం గురించి ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. అతిథికి సొంతింటిలా అనిపించే చోటు, ఇల్లు వదిలి వచ్చినవాళ్ల చేతుల మీద నడుస్తోందన్నమాట. యజమానురాలిని ‘ఒకామి’ అంటారు. ఆ మాటని రాసే రెండు అక్షరాలకీ విడివిడిగా ‘ఆడ’, ‘సేనాని’ అని అర్థం. మాటలో ఎంత ఠీవి ఉన్నా, చాలాచోట్ల ఒకామి అంటే ఆ ఇంటికి వచ్చిన కోడలే. అత్తగారి దగ్గర నుంచి సేనాధిపత్యం వారసత్వంగా వస్తుంది, సెలవు మాత్రం రాదు. మా నకాయి తన గురించి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఫోన్‌లోని అనువాదం సాయంతో ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే, ‘‘ఒక్కరే వచ్చారా?’’ అని. అవునన్నాను. ‘‘మంచిది’’ అని ఫోన్‌లోంచి యంత్రం గొంతు పలికింది.

స్నానం గురించి రాయాలి. మగవాళ్లు రాసిన వేడినీటి సాహిత్యంలో ఆడవాళ్ల స్నానం ఎప్పుడూ అవతల నుంచి కనిపించే దృశ్యమే. కవబాతా 1926లో రాసిన ‘ఇజు నాట్యకత్తె’లో కుర్ర విద్యార్థి ఒకడు దేశదిమ్మరి నాటక బృందంలోని అమ్మాయిని చూసి ఆశపడతాడు. మర్నాడు ఏటి అవతల స్నానశాలలోంచి ఆమె ఒంటి మీద గుడ్డలేకుండా బయటికి పరిగెత్తుకొచ్చి చేతులూపుతుంది. అప్పుడు గాని ఆమె ఇంకా చిన్నపిల్ల అని వాడికి తెలియదు. తెలిశాక మనసు తేటపడి నవ్వుకుంటాడు. చాలామందికి ఇష్టమైన ఘట్టం. బాగానే ఉంది గాని, ఆ పిల్ల పిల్లతనం నిర్ధారణ కావడానికి కూడా ఒక మగవాడి చూపు కావలసి వచ్చింది. ‘మంచుదేశం’ మొదటి పేజీల్లో రైలు కిటికీ అద్దంలో యోకో ముఖం, దాని మీదుగా కదిలిపోయే సాయంకాలపు కొండలు - అదీ అలాంటిదే. ప్రపంచ సాహిత్యంలో అంత అందమైన ఘట్టాలు కొద్ది. ఆ ఘట్టం నాకూ ఇష్టమే. కాని తనని అద్దంలో ఒకడు చూస్తున్నాడని యోకోకి తెలియదు.

స్నానాల గదిలోకి కళ్లజోడు పెట్టుకుని వెళ్లడం కుదరలేదు, ఆవిరి పట్టేస్తుంది. నాకు అది లేకపోతే రెండడుగుల అవతల మనిషి మసకే. ఆ మసకలో అన్ని వయసుల ఆడవాళ్లు బల్లల మీద కూర్చుని ఒళ్లు రుద్దుకుంటున్నారు. ముందు కడుక్కుని, తర్వాతే తొట్టిలోకి దిగాలి. నదిలో కూడా చీర కట్టుకునే మునిగే చోటి నుంచి వెళ్లినదాన్ని. నగ్నంగా నలుగురిలో నడవడానికి ఎంత కష్టమవుతుందోనని అంతకు ముందు రాత్రంతా ఆలోచించాను. తీరా చూస్తే రెండు నిమిషాల్లో అది ఆలోచించవలసిన విషయమే కాకుండా పోయింది. ఎవరూ ఎవర్నీ చూడరు. వేలాడే పొట్టలు, ఆపరేషన్ గీతలు, ముడతలు, పక్కనే ఒక పాప నీళ్లతో ఆట. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు సిగ్గుపడకుండా స్నానానికి రావాలని కొన్ని సత్రాలు 2012లో కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఒంటికి కప్పుకునే ప్రత్యేకమైన వస్త్రాన్ని కూడా అనుమతిస్తారు. ఇలాంటిదేదీ సాహిత్యంలోకి రావడానికి, చూడటానికి వచ్చినవాడు కాక స్నానానికి వచ్చిన మనిషి రాయాలి.

ఇంకోటి కూడా. తలంట్లు, నలుగులు, పురిటి స్నానాలు, మంచాన పడ్డ అత్తగారికి తడిగుడ్డ - జీవితమంతా మనం ఇంకొకరి ఒంటికి నీళ్లు పోస్తూనే ఉంటాం. మన స్నానం మాత్రం బయట ఎవరో ఒకరు పిలుస్తుండగా అయిపోతుంది. అక్కడ అరగంట సేపు నన్ను ఎవరూ పిలవలేదు. ఆ అరగంట నాకు దక్కాలంటే మేడ మీద గదిలో ఇంకో ఆడమనిషి నా పక్క పరుస్తూ ఉండాలి. రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పడం కోసం రెండోదాన్ని దాచిపెట్టను.

ఇప్పుడు నోటు పుస్తకాల దగ్గరికి వద్దాం. నవల్లో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు ఇది. తను డైరీ రాస్తాననీ, పదిహేను పదహారేళ్లప్పటి నుంచి చదివిన ప్రతి నవల గురించీ నోటు పుస్తకాల్లో రాసి పెట్టుకుంటున్నాననీ, అవి పది దాకా అయ్యాయనీ కొమాకో షిమమురాకి చెబుతుంది. ఏం రాస్తావు, విమర్శా అని అడుగుతాడతను. తనకి అంత రాదంటుంది. పుస్తకం పేరు, రచయిత పేరు, పాత్రల పేర్లు, వాళ్ల మధ్య సంబంధాలు, అంతే. వృథాశ్రమ అని తేల్చేస్తాడు. ఆమె ఒప్పుకుంటుంది, హాయిగానే. జబ్బుపడిన సంగీతం టీచరు కొడుకు వైద్యానికి డబ్బు కోసం ఆమె గెయిషా అయిందన్న వదంతి విన్నప్పుడూ అతనికి అదే మాట తోస్తుంది. ఆమె బతుకంతటికీ అతను పెట్టిన పేరు ఆ ఒక్క మాట.

విమర్శకులకి ఈ మాట ప్రాణప్రదం. ప్రయోజనం లేని శ్రమలోని పవిత్రత నవలకి కేంద్రం అన్నారు. కవబాతా కూడా ఆ వైపే మొగ్గుతాడు, అతని కంటికి ఆ వ్యర్థతే ఆమెని స్వచ్ఛంగా నిలబెడుతుంది. సరే. కాని ఎవరు ఎవరిని అంటున్నారో చూడండి. చూడని బాలే గురించి వ్యాసాలు అచ్చువేసుకునే మనిషి, చదివిన పుస్తకాల గురించి రాసుకునే మనిషితో నీది వృథా అంటున్నాడు. అతని వ్యర్థత వ్యాపకం, ఆమెది వృథాశ్రమ. రచయిత ఈ వ్యంగ్యాన్ని గుర్తించాడు, అది అతని గొప్పతనమే. గుర్తించి కూడా నోటు పుస్తకం ఒక్కటి తెరిచి చూపించలేదు. సత్రం గదుల్లో అతిథులు వదిలేసిన నవలలు, ఆడవాళ్ల పత్రికలు ఏవి దొరికితే అవి అడిగి తెచ్చుకుని చదివే పిల్ల, అందులో మనుషుల మధ్య సంబంధాలు మాత్రమే రాసుకుందట. మాత్రమే! ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది రాసుకోవడం, అమ్మకానికీ అప్పుకీ మధ్య బతికే ఆడపిల్లకి విమర్శ కాకపోతే ఇంకేమిటి?

కొమాకో ఉండేది టీచరు ఇంటి అటక మీద. ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన గది అది. షిమమురాకి ఆమె కూడా పట్టుపురుగులా పారదర్శకమైన ఒంటితో అక్కడ బతుకుతున్నట్టు తోస్తుంది. నవల చివర తగలబడేది పట్టుగూళ్ల గోదాము. సినిమా ఆడుతుండగా మంట అంటుకుంటుంది, పైనుంచి యోకో పడిపోతుంది. వీటికి తోడు చిజిమి అనే మంచుబట్ట గురించి దీర్ఘమైన భాగం ఒకటుంది. సుజుకి బొకుషి 1837 నాటి ‘హొకుఎత్సు సెప్పు’లో రాసిన సంగతులు అందులో కనిపిస్తాయి. చలికాలమంతా మంచులో కూర్చుని పడుచుపిల్లలు నేసిన బట్ట, వాళ్లు పోయాక కూడా షిమమురా ఒంటి మీద చల్లగా ఉంటుంది. ఆడవాళ్ల శ్రమ కవబాతాకి తెలియదని అనలేం. బాగా తెలుసు. కాకపోతే అది బట్టగా మారి, నేసిన చెయ్యి కనుమరుగయ్యాక తెలుస్తుంది.

సువాలో ఆ చేతుల జాడ ఇంకా ఉంది. సరస్సుకి అవతల ఒడ్డున ఒకయా. ఒకప్పటి పట్టుమిల్లుల ఊరు. హిదా కొండల్లోని పేద ఇళ్ల ఆడపిల్లలు 1672 మీటర్ల ఎత్తున్న నొముగి కనుమ మీదుగా మంచులో నడిచి మిల్లులకి వచ్చేవారు. అప్పటికే తండ్రి చేతిలో ముందస్తు డబ్బు పడి ఉండేది. మరిగే నీళ్లలో పట్టుగూళ్లు, ఆవిరి, క్షయ. జబ్బుపడిన మసయి మినే అనే అమ్మాయిని 1909లో అన్న వీపు మీద మోసుకెళ్తుంటే ఆ కనుమ దగ్గరే ప్రాణం పోయింది. యమమోతో షిగెమి 1968లో ఈ మిల్లు పిల్లల మీద రాసిన పుస్తకం, 1979లో వచ్చిన సినిమా వల్ల జపాన్ అంతా ఆ కథ తెలుసు. 1927లో ఒకయాలోని యమాఇచి హయాషి మిల్లులో దాదాపు 1300 మంది, ఎక్కువ మంది ఆడపిల్లలే, సమ్మె చేసి ఓడిపోయారు. మర్నాటి ఏడాది, 1928లో, పట్టు వ్యాపారంలో మహా పెద్దదైన కటకురా కుటుంబం కమి-సువాలో కార్మికులకీ ఊరివాళ్లకీ అని ఒక రాజభవనంలాంటి స్నానశాల కట్టించింది. యూరప్ పర్యటనలో చూసినవాటి స్ఫూర్తితో కట్టారని చెబుతారు. కటకురాకాన్ అని పేరు. 2011లో దాన్ని ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించారు.

రెండోరోజు మధ్యాహ్నం అక్కడికి వెళ్లాను. తొట్టి లోతు 1.1 మీటర్లు, అడుగున నల్లటి గులకరాళ్లు. కూర్చునే తొట్టి కాదు, నిలబడే తొట్టి. పాదాల కింద రాళ్లు ఒత్తుకుంటుంటే ఊరి ముసలమ్మలు ఇద్దరు గంటసేపు కబుర్లు చెప్పుకుంటూ అటూ ఇటూ నడిచారు. రోజంతా మరిగే నీళ్లలో వేళ్లు ముంచిన పిల్లలకి సెలవునాడు బహుమతిగా మళ్లీ వేడినీళ్లే!

ఇక మసుదా సయో. 1925లో పుట్టింది. ఆరేడేళ్లకే ఒక భూస్వామి ఇంట్లో పిల్లల్ని ఎత్తుకునే పనికి పెట్టారు. చలికి ఒక కాలు ఎత్తి రెండో కాలికి ఆనించి వెచ్చబరుచుకుంటూ నిలబడేదని ఆమెని కొంగ అని పిలిచేవారట. పన్నెండేళ్లకి కమి-సువాలో గెయిషాల ఇంటికి చేరింది. బడి మొహం చూడలేదు. సత్రాల్లో విందులకి వెళ్లే గెయిషా అయింది, ఒకడి ఉంపుడుగత్తె అయింది, యుద్ధం తర్వాత దొరికిన పనల్లా చేసింది. తమ్ముణ్ణి బతికించుకోవాలని ఎంత పెనుగులాడినా చివరికి అతను ఆత్మహత్య చేసుకున్నాడు. అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకుంది, అదీ హిరగనా మాత్రమే. ఆ అక్షరాలతోనే తన కథ రాసి ‘షుఫు నో తొమొ’ అనే ఆడవాళ్ల పత్రిక పోటీకి పంపితే బహుమతి వచ్చింది. దాన్ని పెంచి రాసిన పుస్తకం 1957లో అచ్చయింది. జి.జి. రౌలీ ఇంగ్లీషు అనువాదం 2003లో వచ్చింది. సయో 2008లో చనిపోయింది.

సత్రం గదిలో, పరిచి ఉన్న పక్క మీద కూర్చుని ఆ పుస్తకం మళ్లీ చదివాను. అందులో మంచు ఉంది, కాని అది కాళ్లకి తగిలే మంచు. మగవాళ్లకి పేర్లుండవు, ఎగతాళి పేర్లుంటాయి. కన్నెరికాన్ని ఇంటి యజమానురాలు ఒకసారికి మించి అమ్ముకున్న వైనాన్ని ఆమె సరుకు లెక్క చెప్పినట్టు చెబుతుంది. నాకు బాగా పట్టుకున్నది ఆమె హాస్యం. జాలి పడబోతున్న చదువరిని మధ్యలో ఆపి నవ్విస్తుంది. కొమాకో నవ్వుని షిమమురా చెవితోనే వింటాం కాబట్టి అది ఎప్పుడూ విషాదంగా వినిపిస్తుంది. సయో నవ్వు విందు గది వెనక, దుస్తులు మార్చుకునే చోట తోటి అమ్మాయిల మధ్య పుట్టినది. ‘మంచుదేశా’న్ని పక్కన పడేయమని నేను అనడం లేదు. వాక్యం వాక్యంగా అది గొప్ప రచనే, సయో పుస్తకానికి ఆ నైపుణ్యం లేదు, అక్కర్లేదు కూడా. కాని ఒకదాన్ని సాహిత్యం పేపర్లోనూ రెండోదాన్ని సామాజిక శాస్త్రం పేపర్లోనూ పెట్టే మన సిలబస్ కమిటీల తీరు మీదే నా తగువు. మధురవాణి మాటకారితనాన్ని నూరేళ్లుగా మెచ్చుకుంటున్న మనం, కళావంతుల ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్నదాన్ని ఎన్ని విశ్వవిద్యాలయాల్లో కావ్యంగా చదివిస్తున్నాం? మలయాళంలో నళినీ జమీలా ఆత్మకథ 2005లో వచ్చినప్పుడు కూడా అది నిజమా కాదా, మంచిదా చెడ్డదా అన్నారే గాని ఎలా రాసింది అన్నవాళ్లు తక్కువ.

సయో పుస్తకంలో స్త్రీవాదులకి ఇబ్బంది కలిగించే చోటు ఒకటుంది. ఇచికావా ఫుసాయె, కమిచికా ఇచికో వంటి మహిళా నాయకుల ఏళ్ల కృషి ఫలితంగా 1956లో వ్యభిచార నిరోధక చట్టం వచ్చి 1958లో పూర్తిగా అమలైంది. సయో దాన్ని మెచ్చుకోలేదు. ఇంకో దారి చూపకుండా ఉన్న దారి మూస్తే ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోవాలన్నది ఆమె వాదన. మనకిది కొత్త తగువు కాదు. ముత్తులక్ష్మీ రెడ్డి ఒకవైపు, బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారు మరోవైపు నిలబడ్డ వాదమే. మద్రాసు చట్టం 1947లో వచ్చింది, ఆ పోయిన బతుకుతెరువుల లెక్క ఇంకా తేలలేదు. నా మటుకు నేను చట్టం తెచ్చిన ఆడవాళ్ల పక్షమే. అయినా సయో అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, ఆ చట్టం చేసినవాళ్ల దగ్గరా లేదనుకుంటాను. ఆమె చేతిలో కలం లేకపోతే ఆ ప్రశ్న అడిగేవాళ్లే ఉండేవారు కాదు.

సువా సరస్సు గురించి ఒక పాత నమ్మకం ఉంది. చలికాలం సరస్సు గడ్డకట్టి, మంచు పగిలి ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకి గట్టులా లేస్తే, పై గుడిలోని దేవుడు కింది గుడిలోని దేవేరి దగ్గరికి నడిచి వెళ్లిన దారి అంటారు. 1443 నుంచి దాన్ని ఏటా నమోదు చేస్తున్నారు. 2018 తర్వాత వరసగా కొన్నేళ్లు సరస్సు సరిగా గడ్డకట్టలేదు, దారి పడలేదు. దేవేరి ఏమనుకుంటోందో ఆ రికార్డుల్లో ఉండదు.

ఈ ఏడాది పిల్లలకి రెండు పుస్తకాలూ కలిపి చెప్పాను. సిలబస్‌లో లేనిది ఎందుకని ఇద్దరు ముగ్గురు గొణిగారు. కొమాకో గదుల్లోంచి ఏరుకుని చదివిన ఆడవాళ్ల పత్రికల గురించీ, సయో మొదటి రచన అలాంటి పత్రికలోనే బహుమతి పొందడం గురించీ ఒక గంట మాట్లాడుకున్నాం. ‘షుఫు నో తొమొ’ 1917లో మొదలై 2008లో ఆగిపోయింది, సయో పోయిన ఏడాదే. తర్వాత సయో పుస్తకం మీద వ్యాసం రాసి తెమ్మన్నాను. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకే ఒక పేజీ ఇచ్చింది. పుస్తకం పేరు, రచయిత్రి పేరు, పాత్రల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరికి ఎంత బాకీ. విశ్లేషణ ఒక్క ముక్క లేదు. పేజీకి పైన మూల చిన్న అక్షరాలతో రాసి ఉంది: పదకొండో నోటు పుస్తకం, మొదటి పేజీ.